మాట మీద విడుదల: మాలదాసరి కథలో ప్రమాణభంగ ఫలితం

వ్యాససంగ్రహం:

గడువు చెప్పి వెళ్లిన బందీ తిరిగి రాకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు నేటి చట్టం ఒక సమాధానం చెబుతోంది. ఇదే ప్రశ్న తెలుగు కావ్యాల్లో చాలాకాలం కిందటే కథారూపం పొందింది. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని మాలదాసరి కథ, అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లోని గోవ్యాఘ్ర సంవాదం ఇందుకు ప్రధాన ఉదాహరణలు. మాలదాసరి కథను భక్తిమహిమకు, సంకీర్తన ప్రాశస్త్యానికి నిదర్శనంగా చదవడం పరిపాటి. దానిని మాట మీద విడుదలైన బందీ కథగా చదివి, అందులో ప్రమాణభంగ ఫలితం ఏ రూపంలో ఉందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తిరుమల కైశిక ద్వాదశి ఆస్థానం, కాణిపాకం ప్రమాణాల సంప్రదాయం, నేటి పెరోల్ నిబంధనలు ఈ పరిశీలనకు తోడ్పడే ఆధారాలు.

కీలకపదాలు: ఆముక్తమాల్యద, మాలదాసరి, గోవ్యాఘ్ర సంవాదం, ప్రమాణం, ఆప్తవాక్యం, కాణిపాకం, పెరోల్.

1. ఉపోద్ఘాతం:

‘పెరోల్’ ఫ్రెంచి పదం. ఆ భాషలో దానికి ‘మాట’ అని అర్థం. సొస్యూర్ భాషాసిద్ధాంతం చదివినవారికి ఇది వ్యక్తి వాగ్వ్యవహారాన్ని తెలిపే పారిభాషిక పదంగా పరిచితమే. జైలు పరిభాషలోకి అది మరో దారిలో వచ్చింది. ఐరోపా యుద్ధాల్లో పట్టుబడిన సైనికుడు తన గౌరవం మీద మాట ఇచ్చి విడుదల కావడాన్ని ఆ పేరుతో పిలిచేవారు. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 10 నుంచి 12 వరకు ఉన్న అధికరణాలు ఈ ఆచారానికి సంబంధించినవే. మాట ఇచ్చి విడుదలైనవాడు, ఆ మాట ఎవరికిచ్చాడో వారి మీదే ఆయుధం పట్టి మళ్లీ దొరికితే యుద్ధఖైదీగా పొందవలసిన రక్షణను కోల్పోతాడు. అతణ్ణి న్యాయస్థానం ముందు నిలబెట్టవచ్చు. అంటే మాట తప్పినవాడికి మొదట పోయేది అతని హోదా. శిక్ష దాని వెనకే వస్తుంది.

పదం పరాయిదైనా విషయం తెలుగువారికి కొత్తది కాదు. ఆకలిగొన్న పులికి మాట ఇచ్చి బిడ్డకు పాలివ్వడానికి వెళ్లిన ఆవు కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. రాక్షసుడికి మాట ఇచ్చి స్వామి సన్నిధిలో పాడడానికి వెళ్లిన దాసరి కథ తిరుపతి వేంకటేశ్వరుడికి అంకితమైన కావ్యంలో ఉంది. ఈ రెండు కథల్లోనూ బందీ తిరిగి వస్తాడు. మరి ప్రమాణభంగాన్ని గురించి ఇవి చెప్పగలిగేది ఏముంటుంది? ఈ వ్యాసం ఆ సందేహంతోనే మొదలవుతుంది.

2. కథల పూర్వరంగం:

‘భోజరాజీయం’ 15వ శతాబ్దికి చెందిన కావ్యం. అనంతామాత్యుడు దానిని అహోబల నరసింహస్వామికి అంకితమిచ్చాడు. అందులోని ఆవు పులి చేతికి చిక్కినప్పుడు తన ప్రాణం కోసం వేడుకోదు. గడ్డి మేయడం ఇంకా నేర్వని దూడ ఇంటి దగ్గర ఉందని, దానికి కడుపునిండా పాలిచ్చి వస్తానని గడువు అడుగుతుంది. పులి నమ్మదు. వాదం సాగుతుంది. చివరకు ఆవు వెళ్లి, దూడకు పాలతోపాటు బుద్ధులూ చెప్పి తిరిగి వస్తుంది. వచ్చిన ఆవును తినడానికి పులికి మనసొప్పదు.

శ్రీకృష్ణదేవరాయలు (పాలనాకాలం 1509-1529) రచించిన ‘ఆముక్తమాల్యద’ షష్ఠాశ్వాసంలో మాలదాసరి కథ వస్తుంది. దీనికి మూలం వరాహపురాణంలోని కైశిక మాహాత్మ్యం. వరాహమూర్తి భూదేవికి చెప్పిన కథగా ఇది కావ్యంలో నిలిచింది. ఆ భూదేవే గోదాదేవిగా పుట్టిందన్నది కావ్య ప్రణాళిక. మాలదాసరి రోజూ వేకువనే కురుంగుడి ఆలయానికి వెళ్లి దూరాన నిలిచి మంగళకైశికి పాడే భక్తుడు. ఒకనాడు వేళ తెలియక ముందే బయలుదేరి, దారి తప్పి, కుంభజానుడనే బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. స్వామిని కీర్తించి తిరిగి వస్తానని గడువు అడుగుతాడు. రాక్షసుడు వెటకరిస్తాడు. ప్రమాణం విన్న తర్వాత విడుస్తాడు. దాసరి మాట నిలుపుకొంటాడు. రాక్షసుడు శరణు కోరి శాపవిముక్తుడవుతాడు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. రాయల కథలో దాసరి పట్టుబడగానే లొంగిపోడు, పెనుగులాడతాడు, తప్పించుకోజూస్తాడు. ఆ పెనుగులాటను కావ్యం ఎక్కడా దోషంగా చూపదు. బలంతో పట్టినవాడి నుంచి బలంతో తప్పించుకోజూడడం సహజం. మాట ఇచ్చిన తర్వాత మాత్రం పరిస్థితి మారుతుంది. అడవి అదే, కాళ్ల సత్తువ అదే, చుట్టూ కాపలా కూడా లేదు. అయినా పారిపోవడం ఇప్పుడు ద్రోహమవుతుంది. రెండు స్థితుల మధ్య వచ్చి చేరినది ఒక వాక్యం మాత్రమే. మాట ఇవ్వకముందు తప్పించుకోవడానికి, ఇచ్చాక తప్పించుకోవడానికి మధ్యగల ఈ భేదమే పెరోల్ భావనకు పునాది.

3. చేదర్థకంలో ఉల్లంఘన:

ఈ కథల్లో ఉల్లంఘన జరగదు. కానీ కనిపించకుండానూ పోదు. ‘రాకపోయినట్లయితే’ అనే చేదర్థక వాక్యంలో అది నిలిచి ఉంటుంది. బందీ తాను చేయబోని పనిని ముందుగా ఊహించి, దానికి తగిన ఫలితాన్ని తన నోటితోనే పలుకుతాడు. ప్రమాణభంగ ఫలితం కథలో సంఘటనగా లేదు. ప్రమాణ వాక్యంలో భాగంగా ఉంది.

ఈ వాక్యనిర్మాణానికి దగ్గరి చుట్టం మన దానశాసనాల్లో ఉంది. భూమినో గ్రామాన్నో దానమిచ్చి, దానిని అపహరించినవారికి ఫలానా పాపం కలుగుతుందని శాసనం చివర చెక్కించడం దక్షిణాదిలో విస్తృతంగా ఉన్న ఆచారం. గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపం అలాంటి శాపోక్తుల్లో తరచుగా కనిపిస్తుంది. కైశిక మాహాత్మ్యంలోని ప్రమాణాల్లో కూడా, ఇచ్చిన భూమిని తిరిగి తీసుకున్నవాడి పాపం ఒకటి. శాసనానికీ ప్రమాణానికీ పాపాల పట్టిక ఉమ్మడిదే.

పురుషలో మాత్రం తేడా ఉంది. శాసనంలోని శాపం ప్రథమ పురుషలో ఉంటుంది. ఎవరో, ఎప్పుడో, పేరు తెలియని ఒకడు ఉల్లంఘిస్తే వాడికి తగులుతుంది. శాసనకర్త ఆ వాక్యం బయట ఉంటాడు. దాసరి ప్రమాణం ఉత్తమ పురుషలో ఉంటుంది. పలికేవాడూ ఉల్లంఘించగలవాడూ శిక్ష అనుభవించేవాడూ ఒక్కడే. ‘శాసనం’ అనే పదానికి నేటి తెలుగులో చట్టం అనే అర్థం స్థిరపడడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ చట్టం ప్రథమ పురుషలో మాట్లాడుతుంది, మాట ఉత్తమ పురుషలో పుడుతుంది అన్న భేదాన్ని ఆ పదమే గుర్తుచేస్తోంది. పెరోల్ ఈ రెండూ కలిసే చోటు. నిబంధన చట్టానిది, ‘ఫలానా తేదీన తిరిగి వచ్చి లొంగిపోతాను’ అనే హామీ ఖైదీది.

4. ప్రమాణం - ఆప్తవాక్యం:

‘ప్రమాణం’ అంటే ఒట్టు. తర్కశాస్త్రంలో యథార్థజ్ఞానానికి సాధనమైనది ప్రమాణం. శబ్దప్రమాణమంటే ఆప్తుడి వాక్యం. ఉన్నదున్నట్లు చెప్పేవాడే ఆప్తుడు. బందీ ఒట్టు పెట్టినప్పుడు ఈ రెండర్థాలూ ఒకచోట చేరతాయి. అతను తిరిగి వస్తాడనడానికి ప్రత్యక్షం లేదు, ఎందుకంటే అది భవిష్యత్తు. అనుమానం వ్యతిరేకంగానే చెబుతుంది. చావు నుంచి తప్పించుకున్నవాడు మళ్లీ చావు దగ్గరికి రాడన్నది లోకంలో కనిపించే వ్యాప్తి. పులి, రాక్షసుడు ఈ తర్కంతోనే మొదట నిరాకరిస్తారు. మిగిలినది శబ్దం ఒక్కటే. ఆ శబ్దం ప్రమాణం కావాలంటే, పట్టినవాడు పట్టుబడినవాణ్ణి ఆప్తుడిగా అంగీకరించాలి. కథలోని అసలు ఉత్కంఠ ఇక్కడే ఉంది.

మాలదాసరి విషయంలో ఈ అంగీకారం తేలిక కాదు. కావ్యంలో అతనికి పేరు లేదు. కులంతోనూ భక్తితోనూ మాత్రమే తెలుస్తాడు. తమిళ వైష్ణవ సంప్రదాయం నంపాడువాన్ అని పిలిచినా, రాయలు అతణ్ణి మాలదాసరిగానే ఉంచాడు. రాక్షసుడికి మాత్రం ఇప్పటి పేరూ ఉంది, పూర్వజన్మ పేరూ ఉంది. వరాహపురాణం ప్రకారం అతను పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మణుడు. మంత్రభ్రష్టుడై యజ్ఞం నడిపి ఈ స్థితికి వచ్చాడు. ఒకరు వాక్కులో తప్పి రాక్షసుడైన అగ్రవర్ణుడు. మరొకరు వాక్కు తప్ప మరేదీ చేతిలో లేని అంత్యజుడు. ఎవరి మాటకు విలువ ఉండాలన్న విషయంలో లోకం ఏర్పరచుకొన్న క్రమాన్ని కథ ఇక్కడ తలకిందులు చేసింది.

అయితే ఆ తిరుగుబాటుకు ఒక హద్దు ఉంది. కైశిక మాహాత్మ్యంలోని ప్రమాణాలు 18 అని సంప్రదాయం లెక్కిస్తుంది. వాటిలో పంక్తిభేదం చేసేవాడి పాపం, ఇద్దరు భార్యలున్నవాడు ఒకరిపట్ల పక్షపాతం చూపిన పాపం, దాహంతో నీటికి వచ్చే ఆవులను అడ్డగించిన పాపం వంటివి ఉన్నాయి. ఇవన్నీ సాటి ప్రాణికి చేసే అన్యాయాలు. రాక్షసుణ్ణి కదిలించినవి మాత్రం ఇవి కావు. నారాయణుడితో మరో దైవాన్ని సమానం చేసిన పాపం తనకు కలగాలని దాసరి అన్నప్పుడే అతను నమ్ముతాడు. రాయలు కూడా బరువంతా ఆ ప్రమాణం మీదే మోపాడు.

భక్తిదృష్టిలో ఇది శిఖరం. విమర్శదృష్టిలో మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది. పేరులేని ఆ మనిషి మాటను నమ్మదగినదిగా చేసినది అతని మనుష్యత్వమా, పరమభక్తుడన్న హోదాయా? దారిలో దొరికినవాడు భక్తుడు కాని మాల అయితే, అతని ఒట్టు చెల్లేదా? కావ్యం ఈ ప్రశ్న వేయదు. గోవ్యాఘ్ర సంవాదం దీనికి భిన్నంగా నిలుస్తుంది. ఆవుకు పూచీగా నిలిచినది ఏ తల్లికైనా ఉండే బిడ్డమీది ప్రేమ, ఏ జీవికైనా సాధ్యమైన సత్యం. అనంతామాత్యుడి కథ అందరికీ తెరిచిన వాకిలి. రాయల కథ ఒక అసాధారణుడికి మాత్రమే తెరుచుకున్న వాకిలి. ఇద్దరి మధ్య ఈ తేడాను గుర్తించకుండా, రెండింటినీ సత్యవాక్పాలన కథలుగా ఒకే గాటన కట్టడం సరికాదు.

5. చిత్తూరు సీమలో ప్రమాణం:

ఈ కథల ఆచరణరూపాలు దక్షిణ రాయలసీమలో నేటికీ ఉన్నాయి. కార్తిక శుద్ధ ద్వాదశిని తిరుమలలో కైశిక ద్వాదశిగా జరుపుతారు. ఆనాడు సూర్యోదయానికి ముందే ఉగ్రశ్రీనివాసమూర్తిని మాడవీధుల్లో ఊరేగిస్తారు. ఆస్థానంలో కైశిక పురాణ పఠనం జరుగుతుంది. మాట నిలుపుకొన్న ఒక అంత్యజుడి కథ ఏటా ఆలయంలో వినిపించే పాఠమైంది.

చిత్తూరుకు సమీపంలో, ఐరాల మండలంలోని కాణిపాకం మరొక సంప్రదాయానికి నెలవు. అక్కడి వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడిగా ప్రసిద్ధుడు. అప్పు ఎగవేశాడనో దొంగతనం చేశాడనో నింద పడినవాడు తడిబట్టలతో స్వామి ఎదుట ప్రమాణం చేయడం ఆచారం. అబద్ధపు ప్రమాణం చేస్తే ఫలితం తప్పదన్న భయంతో, గుడి మెట్లెక్కే ముందే నిజం ఒప్పుకొనేవారున్నారని ఈ ప్రాంతంలో చెప్పుకొంటారు. రాజకీయ నాయకుల సవాళ్లలో సైతం కాణిపాకం పేరు వినిపించడం పత్రికా పాఠకులకు తెలిసినదే.

కాణిపాకం ప్రమాణానికీ దాసరి ప్రమాణానికీ కాలంలో భేదం ఉంది. మొదటిది ‘నేను చేయలేదు’ అనే భూతకాల ప్రమాణం. అది పలికిన క్షణానికే సత్యమో అసత్యమో అయి ఉంటుంది. రెండోది ‘నేను వస్తాను’ అనే భవిష్యత్ప్రమాణం. అది పలికినప్పుడు సత్యమూ కాదు, అసత్యమూ కాదు. దానిని నిజం చేయవలసిన భారం పలికినవాడి మీదే ఉంటుంది. ఆస్టిన్ వాగ్వ్యాపార సిద్ధాంతం వాగ్దానాన్ని వర్ణనగా కాక క్రియగా చూడాలన్నది ఇందుకే.

కాణిపాకం స్థలపురాణంలోని శంఖలిఖితుల కథ ఈ భవిష్యత్ప్రమాణానికి మరింత దగ్గరిది. మహాభారతం శాంతిపర్వంలోనూ ఉన్న కథ ఇది. అన్న తోటలో పండు అడగకుండా తిన్న లిఖితుడు, అన్న మాట మీద తనంతట తానే రాజు దగ్గరికి వెళ్లి శిక్ష కోరతాడు. రాజు చేతులు నరికిస్తాడు. నదిలో మునగగానే చేతులు తిరిగి వస్తాయి. అందువల్లనే ఆ నదికి బాహుదా అని పేరు వచ్చిందని స్థానిక విశ్వాసం. ఆశ్రమం నుంచి రాజసభ వరకు లిఖితుడి వెంట భటుడు లేడు. దారి మధ్యలో తప్పుకోవడానికి అడ్డేమీ లేదు. కావలి లేని ఆ నడకే దాసరి తిరుగు ప్రయాణంలోనూ కనిపిస్తుంది.

6. చట్టంలో ఉల్లంఘన ఫలితం:

నేటి చట్టంలో పెరోల్ అంటే కుటుంబంలో మరణం, తీవ్రమైన అనారోగ్యం, వివాహం వంటి అవసరాలకు ఖైదీకి ఇచ్చే తాత్కాలిక విడుదల. ఫర్లో దీనికి భిన్నం. అది దీర్ఘకాల శిక్ష అనుభవిస్తున్నవారికి నిర్ణీత వ్యవధుల్లో ఇచ్చే సెలవు. షరతులపై శిక్షను నిలిపివేసినప్పుడు ఆ షరతులు నెరవేరకపోతే ప్రభుత్వం ఉత్తర్వును రద్దు చేయవచ్చు. వారంటు లేకుండానే అరెస్టు చేసి మిగిలిన శిక్ష అనుభవించడానికి పంపవచ్చు. దండప్రక్రియ స్మృతి 432వ సెక్షన్‌లో ఉన్న ఈ ఏర్పాటు 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 473వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మాట తప్పకుండా వచ్చినవాడికి కూడా ఆ రోజులు వేరుగా లెక్కకు వస్తాయి. ముందస్తు విడుదలకు అవసరమైన 14 ఏళ్ల వాస్తవ ఖైదులో పెరోల్ కాలాన్ని కలపరాదని 2023లో సుప్రీంకోర్టు గోవాకు చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది.

కేంద్ర హోంశాఖ 2023లో రూపొందించిన నమూనా జైళ్ల చట్టం మరో అడుగు వేసింది. కదలికలను తెలిపే ఎలక్ట్రానిక్ పరికరం ధరించడానికి సమ్మతించిన ఖైదీలకు సెలవు ఇవ్వవచ్చని, ఉల్లంఘిస్తే సెలవు రద్దు కావడమే కాక ఇకముందు సెలవుకు అర్హత కూడా పోతుందని అది సూచిస్తుంది. దీనిని ప్రమాణ పరిభాషలో చెప్పాలంటే శబ్దప్రమాణం స్థానంలోకి ప్రత్యక్షం వచ్చింది. ఖైదీ మాట నమ్మదగినదా కాదా అని తేల్చుకోవలసిన అవసరం అక్కడ తప్పిపోతుంది. బాధితులకు, సాక్షులకు రక్షణ అవసరమైన కేసుల్లో ఇలాంటి జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ మాట మీద విడుదల అన్న పేరు మాత్రమే మిగిలి, మాట తొలగిపోయిందన్న వాస్తవాన్ని గుర్తించాలి.

పరికరానికి ముందున్న పూచీకత్తు పద్ధతి కూడా మాటను ఒంటరిగా నమ్మినది కాదు. హామీదారులు, వారి ఆస్తి, స్థానిక పోలీసుల నివేదిక దానికి తోడు ఉండాలి. ఊళ్లో సెంటు భూమి లేనివాడికి, పూచీ ఉండే బంధువు లేనివాడికి ఇవి సులభంగా దొరకవు. అటువంటివాడి దగ్గర దాసరి దగ్గర ఉన్నదే ఉంటుంది: ఒక నోటిమాట. షష్ఠాశ్వాసం లేవనెత్తకుండా వదిలిన ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. భక్తి లేని దాసరిని రాక్షసుడు వదిలేవాడా అన్నది కావ్యంలోని ప్రశ్న. ఆస్తి లేని ఖైదీని వ్యవస్థ నమ్ముతుందా అన్నది దాని నేటి రూపం.

7. విడిచినవాడి పరిణామం:

ఈ కథలన్నిటిలో తిరిగి వచ్చిన బందీ మారడు. వెళ్లినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే వస్తాడు. మారేది విడిచినవాడు. భోజరాజీయంలోని పులి ఆహారాన్ని వదులుకొంటుంది. కుంభజానుడు ఒకప్పుడు తాను వెటకరించినవాడి కాళ్ల మీద పడి, అతని గానఫలం కోసం ప్రాధేయపడతాడు. కుప్పం, పలమనేరు సరిహద్దు దాటగానే కన్నడసీమలో వినిపించే పుణ్యకోటి పాటలో పరిణామం ఇంకా తీవ్రమైనది. ఆవు తిరిగి రావడం చూసిన పులి కొండ మీది నుంచి దూకి ప్రాణం విడుస్తుంది.

దీనిని బట్టి ఉల్లంఘన ఫలితాన్ని మరో వైపు నుంచి చూడవచ్చు. దాసరి రాకపోయి ఉంటే అతనికి కలిగే పాపం ప్రమాణంలో ఉంది. కానీ కుంభజానుడికి ఏమయ్యేది? తాను మొదట అన్నదే నిజమని, ఎవరి మాటనూ నమ్మకూడదని అతనికి రూఢి అయ్యేది. అతని రాక్షసత్వానికి అంతం ఉండేది కాదు. ఆ మర్రి కింద తర్వాత చిక్కినవాడికి గడువు అడిగే అవకాశం కూడా ఉండేది కాదు. మాట తప్పినవాడు తనకు మాత్రమే కాక, తన వెనక వచ్చే ప్రతి బందీ మాటకూ విలువ తీసేస్తాడు. ఒక ఖైదీ గడువుకు తిరిగి రానప్పుడు, తల్లి అంత్యక్రియలకు దరఖాస్తు పెట్టుకొన్న మరో ఖైదీపై అనుమానం పెరగడంలో ఉన్నది ఈ సూత్రమే. అయితే ఒకడి ఉల్లంఘనకు మరొకణ్ణి బాధ్యుణ్ణి చేయడాన్ని ఈ కథలు సమర్థించవు. ఉత్తమ పురుషలో చేసిన ప్రమాణం పలికినవాడినే కట్టిపడేస్తుంది. దానిని ప్రథమ పురుషలోకి మార్చి అందరికీ అంటగట్టడం కుంభజానుడి తొలినాటి తర్కం.

8. ముగింపు:

మాలదాసరి కథలోనూ గోవ్యాఘ్ర సంవాదంలోనూ ప్రమాణభంగం సంఘటనగా లేకపోయినా, ప్రమాణ వాక్యంలో చేదర్థకంగా ఉండి కథను నడిపిస్తుంది. దాని ఫలితాన్ని బందీ తానే నిర్ణయించి తన మీద వేసుకొంటాడు. దానశాసనాల శాపోక్తులతో పోల్చినప్పుడు ఈ ఉత్తమపురుష ప్రయోగ విశిష్టత స్పష్టమవుతుంది.

రాయల కావ్యం అంత్యజుడి మాటను అగ్రవర్ణ మూలాలున్న రాక్షసుడి చేత ఒప్పించినా, ఆ అంగీకారానికి భక్తిని పూచీగా పెట్టింది. అనంతామాత్యుడి కథలో అటువంటి ప్రత్యేకార్హత అవసరం కాలేదు. ఈ కథలను తరగతి గదుల్లో సత్యవాక్పాలనకు ఉదాహరణలుగా బోధించేటప్పుడు, మాట ఇచ్చినవాడి నిజాయితీతోపాటు మాటను స్వీకరించినవాడి నిర్ణయాన్ని కూడా చర్చకు తేవలసి ఉంది. కుంభజానుడు విముక్తుడైనది దాసరి తిరిగి వచ్చినందువల్ల. దాసరి తిరిగి రాగలిగినది కుంభజానుడు ఒకసారి నమ్మి విడిచినందువల్ల.